కొబ్బరిమట్టల మరుగు

ఎండను గురించి మా అవ్వకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నేను చిన్నప్పుడే తేల్చుకున్నాను. మే నెలలో వచ్చే ఆ ఇరవై అయిదు రోజుల నిప్పును తమిళనాట మా ధర్మపురిలో కత్తిరి అంటారు. అది రాకముందే అవ్వ వంటింటి మూలలో ఏటి ఇసుక పోయించి, దాని మీద కొత్త కుండ పెట్టి, కుండ చుట్టూ ఇసుకలో గుప్పెడు రాగులు చల్లేది. కుండ చెమర్చిన తడికే అవి మొలకెత్తేవి. వానలు తప్పిన ఆ ఏళ్ళలో బయట వేపచెట్టు తప్ప పచ్చనిది కనిపించేది కాదు. మా వంటింట్లో మాత్రం బెత్తెడు పైరు ఉండేది. నేను దాని పక్కన కూర్చుని చదువుకునేదాన్ని.

ఏ తలుపు ఏ పొద్దుకు మూయాలో, ఏ కిటికీకి తడి గోనెపట్టా ఎప్పుడు కట్టాలో అవ్వ గడియారం చూడకుండా చెప్పేది. పొద్దున అంబలి, అందులోకి చిన్న ఉల్లిపాయలు. మధ్యాహ్నం నడింట్లో మట్టినేల మీద నీళ్ళు చల్లి, ఆరీ ఆరకముందే పడుకోమనేది.

“ఎండకు ఎదురు పోగూడదు పాపా. అది వచ్చే పొద్దుకు మనం దాని దోవలో లేకుండా ఉండాల, అంతే” అనేది.

అవ్వ నాకు ఇంకొకటి కూడా నేర్పింది. నాకు పన్నెండేళ్ళు వచ్చిన ఏడాది, ఒకరోజు నేను కుండలో చెంబు ముంచుతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

“పొద్దెక్కినాక నీళ్ళు జాస్తి తాగొద్దు మే. ఆడపిల్లకు దప్పిక అణచుకోను తెలియాల.”

దానికి కారణం అందరికీ తెలిసిందే, ఎవరూ నోటితో అనరు. మా ఇంటి వెనక మరుగు లేదు. పెరటి గోడ దాటితే బయలు, ఆ బయలు అంచున చింతపండు బండ్లు దించే తావు. మా నాయన చింతపండు వ్యాపారి, ఎండాకాలమే ఆయనకు పని. తీర్థమలై వైపు పల్లెల నుంచి బండ్లు వచ్చేవి. మూటలు కట్టి మొరప్పూర్ స్టేషన్‌కు పంపేవారు. పొద్దస్తమానం అక్కడ మగవాళ్ళు తిరుగుతూ ఉండేవారు. అందుకని మా ఇంట్లో ఆడవాళ్ళు తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగుంకినాక ఒకసారి ఆ బయలుకు పోయి వచ్చేవాళ్ళు. ఆ రెండింటి మధ్య ఏమీ లేదు. ఏమీ లేకుండా ఉండాలంటే నోరు ఎండబెట్టుకోవాలి.

“నేను ఒక లోటా నీళ్ళతో ఒక పొద్దు తోసేస్తాను” అని అవ్వ గొప్పగా చెప్పుకునేది. నేనూ నేర్చుకున్నాను. హైస్కూల్ చదివినన్నాళ్ళూ పొద్దున తాగిన నీళ్ళే సాయంత్రం దాకా. అది కష్టమని నాకెప్పుడూ తోచలేదు. తాత బతికున్నప్పుడు నాకు తెలుగు అక్షరాలు నేర్పినట్టు అవ్వ ఇది నేర్పిందనుకున్నాను.

మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. ఇంట్లో అవ్వ, నాయన, నేను. అన్న హోసూరులో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరి వారానికొకసారి వచ్చి పోయేవాడు. నేను చెప్పబోయే ఎండాకాలానికి రెండేళ్ళ ముందు వదిన వచ్చింది. ఆమెది మారండహళ్ళి పక్కన కూరగాయలు పండించే పల్లె. వచ్చిన మొదటి వారంలోనే నన్ను పక్కకు పిలిచి, నవ్వు ఆపుకోలేక చెప్పింది:

“మా ఊళ్ళో చోళం చేను ఉండాది, చెరుకు ఉండాది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పోయొస్తాము. మీ ఊళ్ళో ఏముండాదే పాపా, బండ్లూ మీసాలూ తప్ప!”

తర్వాత ఆమె కూడా నవ్వడం మానేసి నేర్చుకుంది. వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో ఆమెకు నాలుగో నెలలో కడుపు నిలవలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఈసారి మళ్ళీ కత్తిరి వచ్చేసరికి ఏడో నెల.

ఆసుపత్రికి నేనే తోడు పోయాను. లేడీ డాక్టర్ వదిన కనురెప్ప కిందికి లాగి చూసి, నాలుక చాపమని, ఒంటేలుకు పోతే మంటగా ఉందా అని అడిగింది. వదిన తల వంచుకుని ఊ అంది.

“నీళ్ళు తాగడం లేదు నువ్వు. ఈ ఎండకు రోజుకు ఆరు చెంబులన్నా తాగాల. లేకుంటే కడుపులో బిడ్డకు కష్టం. నిరుడు జరిగింది మరిచిపోయినావా?” అని తమిళంలో గట్టిగా చెప్పింది.

వదిన అన్నిటికీ తల ఊపింది. బస్సు దిగి ఇంటికి వచ్చినాక కుండ దగ్గర నిలబడి, చెంబు ముంచి, పెరటి తలుపు వైపు చూసింది. రెండు గుక్కలు తాగి మిగతాది రాగిమొలకలకు పోసింది.

ఆ రోజు నుంచి ఆమె తాగే నీళ్ళు నా డైరీలోకి ఎక్కాయి. మా ఇంట్లో తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు. నాయనకు తమిళం, అవ్వకు ఏదీ రాదు. అందుకే ఎవరికీ చెప్పలేనివన్నీ తెలుగులో రాసుకునేదాన్ని. “పొద్దున ఒక లోటా. మధ్యాహ్నం లేదు. సాయంత్రం సగం.” మరుసటి రోజూ అంతే. పెదవులు పగిలి నెత్తురు కనిపించేది. లేస్తే తల తిరిగేది. “ఏమీ లేదులే, ఎండ” అనేది.

నాయనతో చెబుదామని ఒకరోజు ధైర్యం చేశాను. ఆయన మంచం మీద కూర్చుని గోనెమూట కుడుతున్నాడు. పోయి ఎదురుగా నిలబడ్డాను.

“నాయనా…”

“ఏం పాపా?”

మా ఇంట్లో ఆ సంగతికి ఒక మాటే లేదని అప్పుడు తెలిసింది. ఏ మాటతో మొదలుపెట్టాలి?

“ఆ దబ్బనం ఇస్తావా?”

“ఏంటికి?”

“పుస్తకం కుట్టుకోను.”

ఇచ్చాడు. నా డైరీ కాగితాలన్నీ ఆ దబ్బనంతోనే కుట్టుకున్నాను. ఇప్పటికీ ఆ కుట్టు చూస్తే సిగ్గేస్తుంది.

కత్తిరి వచ్చి వారమైంది. రేకుల సాయబాను కింద వదిన, నేను, పక్కింటి అక్క కూర్చుని చింతకాయల పెంకు తీస్తున్నాము. అవ్వ రేకుల కింద కూర్చోవద్దని చెబుతూనే ఉంది, కానీ సాయంత్రానికి మూటలు కట్టాలి. పెంకు పగిలే శబ్దం ఒక చోట ఆగిపోయింది. చూసేసరికి వదిన చింతపండు కుప్ప మీదికి ఒరిగిపోయి ఉంది. ఒళ్ళు పొయ్యి మీది పెంకులా కాలుతోంది.

ఇద్దరం నడింట్లోకి ఈడ్చుకొచ్చి పడుకోబెట్టాము. గాలి తగలాలని పక్కింటి అక్క రవిక ముడి విప్పింది. మెడ కింద, వీపు మీద, ఆవాలు చల్లినట్టు ఎర్రగా పేలి ఉంది.

“అయ్యయ్యో, అమ్మ పోసుండాది! పెద్దమ్మా, పరుగెత్తి రా! మీ ఇంటి కోడలికి అమ్మ పోసుండాది!”

అది అమ్మవారు కాదని నాకు తెలుసు. అవి చెమటకాయలు. రెండు రోజుల ముందు నేనే వాటికి తాటిముంజల నీళ్ళు రాశాను. నోరు తెరిచాను. అప్పటికే అవ్వ వచ్చి వదిన పక్కన కూర్చుంది.

అవ్వ ఆ ఎర్రని గింజల మీద బొటనవేలితో నొక్కి చూసింది. తర్వాత వదిన ముఖం చూసింది. ఒంటి మీది గింజలను చూసినదానికంటే పగిలిన పెదవులను ఎక్కువసేపు చూసింది. తల ఎత్తకుండా అడిగింది.

“పాపా, ఈ పొద్దు ఇది ఎన్ని నీళ్ళు తాగింది?”

“పొద్దున ఒక లోటా.”

“నిన్న?”

“నిన్నా అంతే.”

అవ్వ ఒక తడిగుడ్డ తీసి వదిన మెడ మీద వేసింది.

“అవును, అమ్మే. వేపమండలు తెండి” అంది.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూసినా ఇప్పటికీ నమ్మలేకుండా ఉన్నాను. గంట ముందు దాకా మా వదిన ఈ ఇంటి కోడలు. అందరూ తిన్నాక తినేది, మధ్యాహ్నం నడుము వాల్చేది కాదు, నాయన నడింట్లో ఉంటే వంటింటి తలుపు చాటునే ఉండేది. గంట తర్వాత ఆ నడింట్లోనే, ఇంటిలో అన్నిటికంటే చల్లని చోట, ఉతికిన పాత నూలుచీర పరిచి ఆమెను పడుకోబెట్టారు. తల దగ్గర వేపమండలు, వాకిట్లో వేపమండలు. అవ్వ ఆమెను “ఏమే” అనడం మానేసి “తల్లీ” అంది. నాయన తన మంచం తీసి వీధి అరుగు మీద వేసుకున్నాడు. చెప్పులు వేసుకుని ఎవరూ లోపలికి రాకూడదు. తాళింపు వేయకూడదు, ఆ పొగ అమ్మకు పడదు. రేకుల కింద పని ఆగిపోయింది. ఎవరి మాటకూ ఆగని ఆ పని!

నా భయం మాత్రం వేరే. అమ్మవారు వచ్చిన ఇంటి నుంచి ఆసుపత్రికి తీసుకుపోరు. వదినకు నిజంగా ఏదైనా అయితే, తెలిసి నోరు మూసుకున్నదాన్ని నేనే. ఒంటి వేడి తగ్గకుంటే నిజం అరిచి చెప్పేయాలని ఒట్టు పెట్టుకుని, తడిగుడ్డలు మార్చుతూ నుదురు పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి వేడి దిగింది. కళ్ళు తెరిచింది.

పొద్దు వాలుతుండగా అవ్వ పసుపునీళ్ళ పళ్ళెంలో కర్పూరం వెలిగించింది. నాయన గడప అవతల నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని చేతులు జోడించాడు. రెండేళ్ళలో ఆయన వదినతో నేరుగా పది మాటలు మాట్లాడి ఉండడు.

“తల్లీ, మా ఇంటికి వచ్చినావు. ఏం తక్కువైనా మన్నించాల. ఏం కావాలో అడుగు.”

వదిన భయంగా నా వైపు చూసింది. ఆ భయంలో ఎక్కడో నవ్వు కూడా ఉందేమో. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“అడుగు తల్లీ, మీ మామ అడగతా ఉండాడు” అంది అవ్వ. అంటూ ఆమె చూసింది మాత్రం నన్ను.

వదినకు ఏం కావాలో నాకు తెలుసు. వారం రోజులుగా డైరీలో రాస్తూ ఉన్నది అదే. నాయన ముందు అంత పెద్దగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు.

“మరుగు కావాలంట” అన్నాను.

“ఏంది?”

“బావి పక్కన, గోడ వారగా… నాలుగు వైపులా మరుగు. పైన నీడ. పగలు కూడా పోయొచ్చేటట్టు.”

కర్పూరం చిటపటలాడింది. నాయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నన్ను చూడలేదు, వదిననూ చూడలేదు. వేపమండల వైపు చూస్తూ అడిగాడు.

“ఇంతేనా తల్లీ?”

ఆ మాట విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతే. అవ్వ ఈ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి, మా అమ్మ బతికినన్నాళ్ళు, నేను పుట్టి పెరిగినన్నాళ్ళు, అడగవలసింది ఇంతే.

మరునాడు ఎండెక్కకముందే ఒక బండి కొబ్బరిమట్టలు వచ్చాయి. కూలివాళ్ళను బయటే ఆపి నాయన ఒక్కడే గుంత తవ్వాడు. చదునైన బండలు రెండు పరిచాడు. నాలుగు గుంజలు పాతి, అల్లిన మట్టలు మూడు వరసలు కట్టాడు. సందులోంచి కన్ను పెట్టి చూసుకుని, వెలుగు కనిపించిన చోట ఇంకో మట్ట కట్టాడు. మూలలో బూడిద కుప్ప, నీళ్ళ కుండ. బండ్లు దించే తావును ఆ రోజే వీధి వైపుకు మార్పించాడు. “అమ్మ మసిలే చోటు” అన్నాడు, అంతే, మీసాల మనుషులంతా మారు మాట్లాడకుండా తమ ఎద్దులను తోలుకుని ఆ వైపు పోయారు.

మధ్యాహ్నం కుండలోంచి చెంబు నిండా ముంచి వదినకు ఇచ్చాను. అలవాటు చొప్పున పెరటి తలుపు వైపు చూసింది. అక్కడ మట్టల మరుగు పచ్చగా కనిపించింది. చెంబు ఎత్తింది. దించకుండా తాగింది. నీళ్ళు గొంతులో దిగే శబ్దం వింటూ నిలబడిపోయాను. అంత మామూలు శబ్దం ఒక మనిషి దగ్గర నేను అంతకుముందు ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు.

కాసేపటికి ఒక వేపమండ చేతపట్టుకుని పెరట్లోకి పోయి వచ్చి, నా చెవిలో చెప్పింది.

“పాపా, పట్టపగలు పోయొచ్చినానే!”

ఇద్దరం గుడ్డ నోట్లో కుక్కుకుని నవ్వాము. అమ్మవారు నవ్వుతోందని పక్కింటి అక్క వాకిట్లోనే దండం పెట్టింది.

ఆ వారమంతా నేను గమనిస్తూ ఉన్నాను. అమ్మవారికి కావలసినవని అవ్వ ఒక్కొక్కటీ చెబుతుంటే ఒళ్ళు జలదరించేది. పల్చని మజ్జిగ, అంబలి, లేత కొబ్బరినీళ్ళు, తాటిముంజలు. కారం వద్దు. పొయ్యి పొద్దున ఒక్కసారే. ఒంటికి మెత్తని నూలుబట్ట. జనం మూగకూడదు, గాలి ఆడాలి. ఎండదెబ్బ తిన్న ఒంటికి ఏం కావాలో అదే వరసన అదే. దీన్నంతా ఏ పుస్తకమూ లేకుండా, దేవత పేరు మీద ఇన్ని తరాలు ఎవరు కాపాడుకొచ్చారో! తాత పెట్టెలోని పుస్తకాలన్నీ చదివినదాన్ని, నా ఇంట్లోనే ఉన్న ఈ చదువును అప్పుడు చూశాను. చెమటకాయలు నాలుగో రోజుకు మాడిపోయాయి. డైరీలో “అయిదు చెంబులు” అని రాసిన రోజు వదిన మంట తగ్గిందని చెప్పింది.

రెండు నెలలు దాటాక, తమిళుల ఆడి నెలలో, ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. కానీ నేను మరిచిపోకుండా రాసుకోవాలనుకున్నది ఆ ఏడో రోజు మధ్యాహ్నం.

ఏడో రోజు తలకు నీళ్ళు. అమ్మవారిని సాగనంపే స్నానం. పెద్ద ఇత్తడి గంగాళంలో నీళ్ళు నింపి, వేపాకు పసుపు వేసి పొద్దుననుంచి ఎండలో పెట్టారు. ఆ ఎండే వాటిని కాచింది. స్నానం అయ్యాక పక్కింటి అక్క వచ్చి వదిన మెడ వంచి చూసింది.

“ఏంది పెద్దమ్మా, ఒక మచ్చ కూడా లేదు!”

“మా అమ్మ శాంతంగా వచ్చింది, శాంతంగా పోయింది. నీకేం నొప్పి?” అంది అవ్వ.

అక్క వెళ్ళాక నాయన కొడవలి తీసుకుని పెరట్లోకి వచ్చాడు.

“అమ్మ పోయింది గదా. మట్టలు ఇప్పేస్తాను.”

వదిన అప్పుడే వంటింట్లో చెంబు ముంచి ఎత్తబోతోంది. చెయ్యి అలాగే ఆగింది. మెల్లగా చెంబును కిందికి దించింది. నేను నాయనను చూశాను, మాట్లాడాలనుకున్నాను. కానీ ఆ రోజు దేవత తరఫున మాట్లాడిన గొంతు మళ్ళీ నా దగ్గర లేదు.

అవ్వ గడప మీద కూర్చుని ఉంది.

“అమ్మ మసిలిన తావును కొడవలితో కోస్తావా?”

“మరి ఎన్నాళ్ళు ఉంచాల?”

“మట్టలు ఎండితే కొత్తవి కట్టు.”

“అదే ఎన్నాళ్ళు అంటా ఉండాను.”

“నేను ఉండేన్నాళ్ళు. నేను పోయినాక, వీళ్ళు ఉండేన్నాళ్ళు.”

నాయన కొడవలిని నడుముకు దోపుకుని, గుంజ దగ్గర వదులైన ముడి ఒకటి బిగించాడు.

అప్పుడు అవ్వ లేచింది. తన చెంబు తీసుకుంది. సరిగ్గా నడినెత్తిన పొద్దు. డెబ్భై ఏళ్ళ మనిషి, నా ఎరుకలో ఆ పొద్దుకు ఎన్నడూ పెరటి గడప దాటనిది, కొడుకు పక్కనుంచి తలెత్తుకుని నడిచి ఆ మట్టల లోపలికి పోయింది. నాయన బావి వైపు తిరిగి గిలక చూస్తూ నిలబడ్డాడు. ఎండ తప్ప ఇంకేమీ కదలలేదు.

తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుని అవ్వ వంటింట్లో రాగిమొలకల పక్కన కూర్చుంది. వదిన ఆగిపోయిన చెంబును ఆమెకే అందించింది. అవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుని, దించకుండా తాగింది. చెంబు కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుని, నా వైపు చూసింది.

“ఏం చూస్తా ఉండావు పాపా? ఇంకోటి ముంచు” అంది. “మీ వదినకూ ముంచు.”